నవ్వించండి చూద్దాం

నాకు పొగరని ఆఫీసులో అందరూ అనుకునేవారు. అనుకోనీ, నాకేం అని ఊరుకునేదాన్ని. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరూ ఒకచోట చేరి పగలబడి నవ్వుతుంటే నేనొక్కదాన్నీ లేచి బాత్‌రూమ్‌లోకి పోయేదాన్ని. అద్దం ముందు నిలబడి కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడుక్కునేదాన్ని. బయట నవ్వులు ఆగాక వచ్చి నా కుర్చీలో కూర్చునేదాన్ని. మరి పొగరనుకోక ఇంకేమనుకుంటారు? అసలు సంగతి ఏమిటంటే, నేను నవ్వితే పడిపోతాను.

మాటవరసకు అనడం లేదు, నిజంగానే పడిపోతాను. గట్టిగా నవ్వొచ్చిందంటే ముందు దవడ జారుతుంది, మెడ వాలిపోతుంది, మోకాళ్ళలో సత్తువ పోయి ఉన్నచోటే కూలబడతాను. స్పృహ మాత్రం పోదు. చుట్టూ ఎవరేం మాట్లాడుతున్నారో అంతా వినిపిస్తూనే ఉంటుంది, కానీ వేలు కూడా కదపలేను. కాసేపటికి దానంతటదే వదిలేస్తుంది. అప్పుడు లేచి చున్నీ సర్దుకుంటాను. ఇది చాలదన్నట్టు పట్టపగలు ముంచుకొచ్చే నిద్ర ఒకటి. రాత్రి ఎంత పడుకున్నా పగలు కూర్చున్నచోటే కళ్ళు వాలిపోయేవి.

ఇంటర్ చదివేటప్పుడు మొదలైంది. మా అమ్మ నర్సు. నర్సు కూతురికి జబ్బు రాకూడదని ఎక్కడైనా రాసుందేమో తెలీదు గాని, అమ్మకు మాత్రం నాది జబ్బని ఏనాడూ తోచలేదు. రక్తం తక్కువంది. ఐరన్ టానిక్ తాగించింది, బీట్‌రూట్ తినిపించింది. తర్వాత బద్ధకం అంది. మేము మందిరానికి వెళ్ళేవాళ్ళం. అక్కడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేయమంటారు, నాకు కళ్ళు మూస్తే చాలు. ఉపవాస ప్రార్థనల్లో గురక పెట్టానని ఆడవాళ్ళు అమ్మతో చెప్పారు. పాస్టరు గారు నిద్రమత్తును వెళ్ళగొడతానని నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి వెచ్చగా ఉండటంతో ఇంకాస్త హాయిగా నిద్రపోయాను.

నవ్వి పడిపోవడం మాత్రం అమ్మను నిజంగా భయపెట్టింది. కర్నూల్లో మా చిన్నమ్మ కూతురి పెళ్ళిలో ఎవరో ఏదో అంటే నవ్వాపుకోలేక వడ్డన బంతి మధ్యలో కూలిపోయాను. పిల్లకు ఫిట్సున్నాయని ఆ సాయంత్రానికే బంధువులందరికీ తెలిసిపోయింది. తిరిగొచ్చే దారిలో బస్సులో అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంగ మీద నలుగురిలో నవ్వాకు పాపా" అంది. కోపంగా కూడా అనలేదు, బతిమాలుతున్నట్టు అంది. నవ్వడం ఆ రోజుతో మానేశాను. అందరూ చదువు మానేస్తారు, మాంసం మానేస్తారు. నేను నవ్వు మానేశాను.

తొంభైల చివర్లో అమ్మకు హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని దొరికింది. కొండాపూర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. రాళ్ళ గుట్టల మధ్య హైటెక్ సిటీ అని పెద్ద భవనం లేచిన కొత్త అది. చుట్టుపక్కల ఇంకా గేదెలు తిరిగేవి. నాకు అక్కడే మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్‌లో ఉద్యోగం వచ్చింది. అమెరికాలో డాక్టర్లు రోగుల్ని చూశాక ఏం చూశారో ఏం మందిచ్చారో నోటితో చెప్పి రికార్డు చేస్తారు. అది మాకొస్తుంది. మేము విని టైపు చేస్తాం. చెవులకు హెడ్‌ఫోను, కాలి కింద పెడల్. పెడల్ నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, కాలు తీస్తే నోరు మూస్తాడు. అంతంత పెద్ద డాక్టర్లను కాలితో ఆపడం నాకు భలే నచ్చేది.

పనిలో నాకు వంక పెట్టేవాళ్ళు లేరు. వేగం ఉంది, తప్పులు తక్కువ. కానీ కొత్తగా చేరినవాళ్ళను కొన్ని నెలలు చూసి గాని పర్మనెంటు చెయ్యరు. నా గడువు దగ్గరపడుతోంది. నిద్రను ఆపడానికి తొడ మీద గిచ్చుకునేదాన్ని, నాలుక కింద మిరియపు గింజ పెట్టుకునేదాన్ని. అయినా ఒక్కోసారి కాలు పెడల్ మీద, చేతులు కీబోర్డు మీద ఉండగానే నిద్ర పట్టేది. చేతులు మాత్రం ఆగేవి కావు. నిద్రలోనూ టైపు చేస్తూనే పోయేవి.

మా టైపింగును సరిచూసే అమ్మాయి కొండాపూర్ పిల్లే. గట్టి గొంతు, జాలీ మనిషి. ఎవరైనా తమాషా తప్పు చేస్తే దాన్ని దాచిపెట్టి, అన్నాలయ్యాక అందరి ముందూ చదివేది. వాటికి ఆణిముత్యాలని పేరు పెట్టింది. ఒకరు రోగికి మూడు ఎడమకాళ్ళు పెట్టారు, ఇంకొకరు మగాడికి కాన్పు చేశారు. అందరూ పడీ పడీ నవ్వేది ఈ ఆణిముత్యాలకే. నేను బాత్‌రూమ్‌లోకి పారిపోయేది కూడా వీటికే.

ఒక మంగళవారం నేను లేచేలోపే ఆ పిల్ల మొదలుపెట్టేసింది. "ఇయ్యాల ముత్యం మన పొగరుబోతు మేడమ్‌ది" అని ప్రకటించి చదివింది. గుండెజబ్బు రోగి గురించిన రిపోర్టు. రోగి గుండె చప్పుడు సక్రమంగా ఉంది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, తర్వాత వాక్యం: దయచేసి కొత్తగూడ దగ్గర ఆపండి, నేను దిగాలి. ఆ తర్వాత మళ్ళీ మామూలుగా, కాళ్ళలో వాపు లేదు. అంతా చక్కటి ఇంగ్లీషులో, ఒక్క స్పెల్లింగు తప్పు లేకుండా. నిద్రలో బస్సెక్కి, రోజూ ఇంటికి దిగే స్టాపు కూడా మర్చిపోకుండా చెప్పాను.

"ఏందమ్మా, అమెరికా పేషెంటు కొత్తగూడల దిగుతడా?" అంది ఆ పిల్ల. హాలంతా ఘొల్లుమంది. నాకూ లోపల్నించి నవ్వు ఎగదన్నుకొచ్చింది. దేవుడా, ఎంత నవ్వొచ్చిందో! మెడ వాలడం మొదలైంది. చెంప లోపలివైపు రక్తం వచ్చేదాకా కొరుక్కుని ఆపుకున్నాను. నా మొహం ఎలా పెట్టానో ఏమో, ఆ పిల్ల నవ్వు ఆపేసి, "గంత కోపమెందుకే? జోకు కూడ అర్థంగాదా?" అని మూతి తిప్పుకుంది. నవ్వలేకపోయినందుకు నాకు ఆ క్షణంలో ఏడుపొచ్చింది.

ఈ ముత్యం సంగతి మేనేజరు గారి దాకా పోయింది. ఆయనది కోస్తా, మర్యాదస్థుడు. తిట్టేటప్పుడు కూడా అండి వదలడు. గదిలోకి పిలిచి, "మీ పని బాగుంటుందండి, కాదనను. కానీ డ్యూటీలో నిద్రపోవడం ఏమిటండి? శనివారం కూర్చుని మాట్లాడదాం. మీరే రాజీనామా ఇచ్చేస్తే మీకూ గౌరవంగా ఉంటుంది" అన్నాడు. గౌరవమట! చేస్తున్న పని తీసేసుకోవడానికి నన్నే సంతకం పెట్టమంటున్నాడు. శనివారం దాకా చూద్దాం అని బయటికొచ్చాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. అంతవరకు నా అంతట నేను గట్టిగా చెయ్యగలిగిన పని అదొక్కటే.

మర్నాడే ఒక డిక్టేషన్ వచ్చింది. నిదానంగా మాట్లాడే ముసలి డాక్టరు. రోగి లారీ డ్రైవరు. పగలు ఆపుకోలేని నిద్ర. కొడుకు జోకులు చెబితే మోకాళ్ళు వదిలేసి కిందపడతాడు, కానీ స్పృహ ఉంటుంది, అన్నీ వినిపిస్తాయి. నేను పెడల్ మీంచి కాలు తీసేశాను. డాక్టరు ఆగిపోయాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఇంకోసారి విన్నాను. నార్కోలెప్సీ అన్నాడు. ఈ జబ్బు కుక్కలకు కూడా వస్తుందనీ, దాని మూలమేదో కుక్కల్లోనూ ఎలుకల్లోనూ ఈమధ్యే దొరికిందనీ, మనుషుల్లోనూ బహుశా అక్కడే వెతకాలనీ రోగిని పంపిన డాక్టరు కోసం చివర్లో చెప్పాడు. ఒక్కో మాటా ఆపి ఆపి విని టైపు చేశాను. ఆ రిపోర్టులో ఒక్క తప్పు లేదు. ప్రపంచంలో నాలాంటి మనిషి ఇంకొకడున్నాడు! వాణ్ణెవరూ బద్ధకస్తుడనడం లేదు. ఆ లారీ డ్రైవరు ఎవరో, ఎక్కడుంటాడో తెలీదు గాని నాకు వాడి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

సాయంత్రం అమీర్‌పేటలో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి చదివాను. మెదడు అడుగున హైపోథలామస్ అనే చోట కాసిని కణాలుంటాయి. అవి ఒక చిన్న ప్రోటీన్ ముక్కను తయారుచేసి మెదడంతా పంపుతాయి. దానికి ఒరెక్సిన్ అనీ హైపోక్రెటిన్ అనీ రెండు పేర్లు, రెండు బృందాలు విడిగా కనిపెట్టి రెండూ పేరు పెట్టాయి. మొదట ఆకలి పుట్టించే పదార్థమనుకున్నారు. ఆకలేసిన జంతువు నిద్రపోతే ఎలా? మెలకువగా ఉండి తిండి వెతుక్కోవాలి. ఆ పదార్థం మెలకువను పుట్టించే మిగతా భాగాలన్నిటినీ తట్టి, కునుకు తీయకుండా నిలబెడుతుంది. ఆకలేస్తే నిద్ర పట్టదని లోకమంతా అంటుంది. నాకు ఆకలేసినా పడుతుందంటే మా ఇంట్లో నమ్మినవాళ్ళు లేరు.

నాకు అర్థమైనంతలో అది తలుపు గొళ్ళెం లాంటిది. నిద్రకూ మెలకువకూ మధ్య తలుపుంటుంది, అందరికీ గొళ్ళెం ఉంటుంది, నాకు లేదు. చిన్న గాలికే తెరుచుకుంటుంది. కలలు కనేటప్పుడు మనం లేచి పరుగెత్తకుండా ఒళ్ళు కదలికను మెదడే ఆపేస్తుందట. గొళ్ళెం లేనివాళ్ళకు గట్టిగా నవ్వొస్తే ఆ కట్టేసే పని మెలకువలోనే మొదలైపోతుంది. జబ్బున్న కుక్కల్లో ఈ పదార్థాన్ని అందుకునే చోటు పాడైందట. ఆ కుక్కల ముందు ఇష్టమైన తిండి పెడితే, సంతోషం పట్టలేక తోకూపుతూ ఊపుతూ కూలబడిపోతాయట. అది చదివి నేను కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. ఇంటర్ రోజుల్లో అమ్మ బిర్యానీ పొట్లం విప్పుతుంటే నా తల వాలిపోయేది. ముందే తినడానికి తొందరా అని వీపు మీద ఒకటి వేసేది. అదే పని కుక్క చేస్తే జబ్బట, నేను చేస్తే తిండిపోతుతనం. కుక్కకున్నపాటి విలువ కూడా నాకు లేకపోయిందే అని ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి అమ్మతో అంతా చెప్పాను. విన్నాక అమ్మ, మా ఆసుపత్రికొచ్చే నరాల డాక్టరును అడుగుతా, వచ్చే వారం చూపిస్తా అంది. అంతలోనే గొంతు తగ్గించి, "ఎవురికీ చెప్పాకు. ఆఫీసులో అసలే చెప్పాకు. జబ్బు పేరు ఒకసారి అతుక్కుంటే పోదు పాపా, నాకు తెల్దా? రోజూ చూస్తాండా" అంది.

"బద్ధకమనే పేరు అతుక్కోలేదా అమ్మా? పొగరనే పేరు? అవి పోయాయా?" అన్నాను. నేనెప్పుడూ అమ్మ మీద అంత గొంతు ఎత్తలేదు. "నాకు పేరంటూ ఒకటి అతుక్కునే తీరాలంటే నాదే అతుక్కోనీ." అమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు తోమిన గిన్నెలే తోముతూ ఉండిపోయింది.

మర్నాడు ఆఫీసులో సరిచూసే పిల్లకు చెప్పాను. చెప్పేముందే తెలుసు ఏమంటుందో. మా వృత్తిలో అదొక పిచ్చి. రోజంతా జబ్బుల గురించి వింటాం, విన్న ప్రతి జబ్బూ మాకే ఉన్నట్టనిపిస్తుంది. చేరిన కొత్తలో నాకు థైరాయిడ్ అనుకున్నాను. నా పక్క సీటమ్మాయి ప్రోస్టేట్ తప్ప అన్ని జబ్బులూ తెచ్చుకుంది. "ఏందీ, గిది కూడ డిక్టేషన్లనే వచ్చిందా?" అని ఆ పిల్ల నవ్వింది. "చేరిన కొత్తల థైరాయిడ్ అంటివి. నవ్వితే పడుడేందే? గసుంటి జబ్బు నేనేడ విన్లే. జర రెస్టు తీస్కో, పరేషాన్ గాకు." చెడ్డ పిల్ల కాదు. నేను ఆమె స్థానంలో ఉన్నా నమ్మేదాన్ని కాదు.

శనివారం వచ్చింది. మేనేజరు గారి గదిలో ఆయనా, తప్పు పట్టుకుంది కాబట్టి ఆ పిల్లా, నేనూ. బల్ల మీద తెల్లకాగితం, పెన్ను. రాజీనామా రాయడానికన్నమాట. ఆయన తాళాల గుత్తి ఆ కాగితం మీద బరువుగా పెట్టి ఉంది. నేను కూర్చోలేదు. నిలబడే నా జబ్బు సంగతంతా చెప్పాను, గొళ్ళెం సంగతి, కుక్కల సంగతి, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, "డాక్టరు సర్టిఫికెట్టు ఏమైనా ఉందాండి?" అన్నాడు.

"వచ్చే వారం డాక్టరుకు చూపిస్తున్నానండి."

"అప్పటిదాకా మేమెలా నమ్మాలండి మరి?"

నాకు అప్పుడు తిక్క రేగింది. "సర్టిఫికెట్టు లేదు సార్. నేనున్నానుగా. నవ్వించండి చూద్దాం" అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. పాపం, ఆయన జన్మలో ఎవరినీ నవ్వించి ఉండడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నవ్వించడమంటే ఎలాగండి? మాకు ఆ ప్రొవిజన్ లేదు కదండీ" అన్నాడు. ప్రొవిజన్! ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వు కదిలింది. నేను ఆమె వైపు తిరిగి, "నా ముత్యం చదువు" అన్నాను. "ఇప్పుడా?" అంది. "ఇప్పుడే చదువు." ఆమెకది నోటికొచ్చు. రోగి గుండె చప్పుడు సక్రమంగా ఉంది అని మొదలుపెట్టి, కొత్తగూడ దగ్గరికొచ్చేసరికి ఆమెకే ఆగక ఫక్కున నవ్వింది.

ఈసారి నేను చెంప కొరుక్కోలేదు. నోరు తెరిచి నవ్వాను. నా నవ్వు ఎలా ఉంటుందో నాకే గుర్తు లేదు, అంత పెద్దదని అనుకోలేదు. దవడ జారింది, మెడ వాలింది, కాళ్ళు పోయాయి. కుర్చీ తగిలి పక్కకు ఒరిగి నేల మీద పడ్డాను. కళ్ళు సగం మూసుకున్నాయి. అన్నీ వినిపిస్తున్నాయి.

"అయ్యయ్యో, ఫిట్సండీ, ఫిట్సు!" అని మేనేజరు గారు అరుస్తున్నాడు. "నీళ్ళు తేండ్రి!" అని ఆ పిల్ల కేకలు. హాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఒకరు ఉల్లిపాయ వాసన చూపించమన్నారు. ఇంకొకరు, "ఇనుము, ఇనుము! తాళాలు చేతిల పెట్టుండ్రి!" అన్నారు. మేనేజరు గారు బల్ల మీది గుత్తి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళను తన రెండు చేతులతో మూశాడు. ఇంతమంది జబ్బుల గురించి రోజంతా టైపు చేసేవాళ్ళు, చివరికి తాళాలు పెట్టారు! నాకు లోపల ఇంకా నవ్వొచ్చింది. నవ్వొచ్చేకొద్దీ ఒళ్ళు ఇంకా వదిలేస్తోంది. ఇంకాస్త గట్టిగా నొక్కండి సార్, పాపం, అని ఎవరో అంటుంటే ఇక నేను జన్మలో లేవననుకున్నాను.

లేచాను. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. "నిజమేనే, నిజమే జెప్పినవ్" అని నా వీపు రాస్తోంది. మేనేజరు గారు చెమటలు తుడుచుకుని కూర్చుని, ఎంతో దయగా అన్నాడు. "ఇంత జబ్బు ఉన్నప్పుడు మీరు ఉద్యోగం చెయ్యడం మంచిది కాదండి. ఇంట్లో ఉంటేనే క్షేమం."

"ఏమండీ! ఇందాక జబ్బు లేదు, బద్ధకం, కాబట్టి వెళ్ళిపోవాలి. ఇప్పుడు బద్ధకం కాదు, జబ్బు, కాబట్టి వెళ్ళిపోవాలి. ఏదో ఒకటి తేల్చుకోండి సార్. నేను మాత్రం వెళ్ళను. నాకు పగలు రెండుసార్లు కాసేపు పడుకునే చోటు కావాలి. ఆ తర్వాత నా పనిలో తప్పు దొరికితే అప్పుడు మాట్లాడండి." నా పిడికిలి ఇంకా మూసే ఉంది. తెరిచి చూస్తే ఆయన తాళాల గుత్తి. అందులోంచి ఒక్కో తాళమూ తిప్పి చూసి అడిగాను. "ఇందులో స్టోర్ రూమ్ తాళం ఏది?"

ఆయన నా వైపు చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ జనం వైపు చూశాడు. ఒక్కరూ కదల్లేదు. చివరికి చెయ్యి చాపి, గుత్తిలోంచి ఒక పొట్టి తాళం విప్పి నాకిచ్చి, మిగతావి తీసుకున్నాడు. "అక్కడ కొత్త కంప్యూటర్ల అట్టపెట్టెలున్నాయండి, జాగ్రత్త" అని మాత్రం అన్నాడు. బల్ల మీది తెల్లకాగితం తెల్లగానే ఉండిపోయింది. దాన్ని మడిచి నేనే నా బ్యాగులో పెట్టుకున్నాను.

తర్వాత వారం నరాల డాక్టరు చూసి నేను విన్న పేరే చెప్పాడు. అమ్మ ఆయన గదిలోంచి బయటికొచ్చి, ఆసుపత్రి వరండాలో అందరి ముందూ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ నెల నన్ను పర్మనెంటు చేశారు. అట్టపెట్టెల మీద నా పాత దుప్పటి పరుచుకుని పడుకునేదాన్ని. దాక్కుని కాదు, అందరూ చూస్తుండగా తాళం తీసుకుని వెళ్ళి.

కానీ నేను మర్చిపోలేనిది ఆ శనివారం తర్వాత వచ్చిన సోమవారం. అన్నాలయ్యాక ఆ పిల్ల ఆణిముత్యాల కాగితాలు పట్టుకుని లేచింది. నేనూ అలవాటుగా లేచాను. ఆమె నా భుజం పట్టుకుని ఆపి, ఒక కుర్చీ లాగి గోడకానించి, దాని పక్కన తన కుర్చీ వేసింది. "యాడికి బోతున్నవ్? గోడకు ఆనుకోని కూసో. ఇగ ఫికర్ లేదు. నవ్వు. పడితే నేను పట్టుకుంట" అంది. కూర్చున్నాను. ఆమె చదవడం మొదలుపెట్టింది. మొదటి ముత్యానికే నా తల ఆమె భుజం మీదికి వాలిపోయింది, ఆమె దాన్ని అలాగే మోస్తూ రెండోది చదివింది.